రెండో గొంతు

ఆయన ఒక వాక్యం అంటాడు, ఆగుతాడు.
ఆ ఆగిన చోటే నా పని.

హోమా బే ఒడ్డున, మా రేకుల చర్చిలో,
నైరోబీ నుంచి వ్యానులో దిగే ప్రసంగీకులకు
పదకొండేళ్ళుగా నేను రెండో గొంతుని.
వాళ్ళది ఇంగ్లీషు, మాది లువో.
ఇద్దరికీ ఒకటే మైకు.
వాళ్ళు చెయ్యెత్తితే నేనూ ఎత్తాలి,
గర్జిస్తే గర్జించాలి.
ఒకసారి ఒకాయన వెక్కి వెక్కి ఏడిస్తే
నాకు కన్నీళ్ళు రాక
తల వంచుకుని నిలబడ్డాను.

“అవూర్, నువ్వు నీళ్ళ గొట్టానివి.
గొట్టానికి నీళ్ళ రుచి తెలియకూడదు”
అనేవాడు మా ముసలి పాస్టరు ఒబూయా.
వారమంతా ఒమేనా చేపలు ఎండబెట్టే వేళ్ళు నావి,
ఆ వాసన బైబిలు అంచులక్కూడా పట్టింది.
ఏ రుచీ లేకుండా ఉండడమెలాగో
నాకెవరూ నేర్పలేదు.

ఆ ఆదివారం వచ్చినాయన ముతుంగ.
మంచి గొంతు. మడత నలగని కోటు.
ఉన్న మాట చెప్పాలి, చెమటోడ్చి చెప్పాడు.
నీళ్ళ మీద నాలుగడుగులు నడిచి
గాలికి జడిసి మునిగిన పేతురు సంగతి.
నేనూ ఆ నాలుగడుగులూ వేశాను,
చెప్పు జారితే పిల్లలు నవ్వారు.

మూడో బెంచీలో అదేరో.
పన్నెండు రోజుల కిందట
ఆమె కొడుకు ఒడెక్ రాత్రి దీపాల వేటకి వెళ్ళాడు.
తెల్లారేసరికి పడవ బోర్లా కొట్టుకొచ్చింది.
మూడో రోజున ఒడెక్ పైకి వచ్చాడు,
బైబిల్లో లాగా కాదు.

పొద్దున టీ తాగుతుండగా ఎవరో ఆయనకి చెప్పినట్టున్నారు.
వేలు చాపి, గొంతు తగ్గించి, ప్రేమగానే అన్నాడు:
“అమ్మా, నీ విశ్వాసం చిన్నది.
అందుకే సరస్సు పెద్దదైంది.”
ఆగాడు.

రేకు మీద పావురాల గోళ్ళ చప్పుడు.
నా వంతు.

మా భాషలో విశ్వాసాన్ని యియే అంటాం.
పడవనీ యియే అనే అంటాం.
గొంతు కాస్త ఎత్తితే ఒకటి, దించితే ఇంకొకటి.
సండే స్కూల్లో దీనికే నవ్వి దెబ్బలు తిన్నాం.
ఆ రోజు నేను ఎత్తానో, దించానో,
కావాలనే చేశానో,
ఒట్టు పెట్టి చెప్పలేను.

“అమ్మా, నీ పడవ చిన్నది.
సరస్సు పెద్దది.”

అంతే. ఆయన వాక్యమంత పొడవే నాదీ.
ఆయనకి అనుమానమే రాలేదు.
మగవాళ్ళ వైపు నుంచి
ఆమేన్ వినపడలేదు. “నిజమే” అన్నారెవరో,
వల లాగేటప్పటి గొంతుతో.
అదేరో తల ఎత్తింది.
పన్నెండు రోజుల్లో మొదటిసారి
ఆమె ముఖం ఎటు ఉందో మాకు తెలిసింది.

వ్యాను ఎక్కుతూ ముతుంగ నా చెయ్యి ఊపాడు:
“ఇవాళ వాక్యం బాగా పని చేసింది.”
ఔనన్నాను.
ఒబూయాకి రెండు భాషలూ వచ్చు.
కప్పు కడుక్కుంటూ, నా వైపు చూడకుండా
“గొట్టం తుప్పు పట్టింది” అన్నాడు.
పై ఆదివారం మళ్ళీ నన్నే పిలిచాడు.

వాక్యం శరీరమైందని మేమూ నమ్ముతాం.
అయితే ఎక్కడో ఒక నాలుక దగ్గర మొదలై ఉంటుంది కదా,
పళ్ళకి తగిలి, ఉమ్మి తడి అంటి.
బిలాము గాడిదకి ఏ రుచి తెలిసిందో ఎవరడిగారు?
నా మాట ఎందుకు మార్చావని రేపు పైవాడు అడిగితే
అది నీ మాటని నాకు అనిపించలేదంటాను.
తప్పయితే తప్పే.

రాత్రి ఒడ్డున కూర్చుంటే
సరస్సు నిండా వేట దీపాలు, ఊరు తేలుతున్నట్టు.
చందమామ అనుకుని చేపలు పైకొస్తాయి,
వెలుగుని నమ్మి వలలో పడతాయి.
ఈ పోలికని ఏ ప్రసంగీకుడూ వాడగా వినలేదు.
వాడితే, దాన్ని ఎలా చెప్పాలో
నేనింకా ఆలోచించుకోలేదు.